మోటరు ముందర ఉరికిన కాళ్ళు

మారయ్యకు కొడుకుతో ఏదన్నా చెప్పాలనిపిస్తే కుక్కతో చెప్పేవాడు.

"ఓ నల్లా, గొర్ల దొడ్డికి కంప ఊడింది. ఇనేటోళ్ళు ఉంటే ఇనుమను" అనేవాడు. నల్లకుక్క తోక ఊపేది. ఐలేశం గొడ్డలి భుజాన వేసుకొని కంప కొట్టడానికి పోయేవాడు. వాడు జవాబు చెప్పాలన్నా ఆ కుక్కకే చెప్పుకోవాలి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో తండ్రీ కొడుకుల సంసారమంతా ఆ మూగజీవం మీదుగానే నడుస్తోంది. కోడలు బీరమ్మ వాకిలి ఊడుస్తూ, "ఇంట్ల ఇద్దరు మొగోళ్ళున్నరు గని, తెలివి ఆ కుక్కకే ఉన్నది" అని వీధి వీధంతా వినబడేట్టు అనేది.

తగువు భూమి గురించి కాదు, మంద పంచుకోవడం గురించీ కాదు. ఒక పాత మోటరు గురించి.

హాలియాకు ఆమడ దూరంలో ఎర్రగట్టు అనే ఊరు. ఆ ఊరికి ఒక దొర ఉండేవాడు, ఆ దొరకు ఒక నల్ల మోటరు ఉండేది. మోటరంటే గొప్పే గానీ, నడవడానికి బాట ఉండాలి కదా. ఉన్నవన్నీ ఎడ్లబండ్ల బాటలు, గుంతలు, రాళ్ళు. వాటి మీద మోటరు మనిషి పరుగును మించి పోలేదు. అందుకని మోటరు ముందర ఒక మనిషి ఉరకాలని దొర నియమం పెట్టాడు. ఆ మనిషి గొడ్లను పక్కకు తోలాలి, మనుషులను తప్పించాలి, కాళ్ళకు చెప్పులున్నవాళ్ళను విడవమని అరవాలి. గొర్రెల వెంట గుట్టలెక్కే మారయ్య కాళ్ళను చూసి దొర ముచ్చటపడ్డాడు. దొర ముచ్చటపడ్డాక ఇంకేముంది, వెట్టి. దొర ఉండే గడి నుంచి పెద్ద సడక్ దాకా మారయ్య ఉరకాలి. దొర పట్నం పోయి తిరిగొచ్చేదాకా సడక్ మీద పడిగాపులు పడాలి. మళ్ళీ గడి దాకా ఉరకాలి. కాస్త మెల్లబడితే వెనకనుంచి రబ్బరు తిత్తి హారన్ పోం పోం మని మోగేది. ఒకసారి అరికాల్లో తుమ్మముల్లు దిగితే తీసుకునేదాకా కూడా అది ఆగలేదు. ఆ కాలు ఇప్పటికీ వానాకాలం వస్తే సలుపుతుంది.

ఐలేశం అప్పుడు చిన్నవాడు. బాట పక్కన నిలబడి చూసేవాడు. ముందు తండ్రి ఉరుకుతున్నాడు, వెనక మోటరు వస్తోంది. ఏ కడుపున పుట్టిన కొడుకైనా తండ్రినే చూస్తాడు. వీడు మోటరును చూశాడు. దాని మెరుపు చూశాడు, పెద్ద కండ్లలాంటి దీపాలు చూశాడు, చక్రాల మీద అద్దంలా తళతళలాడే రెక్కలు చూశాడు. ఆ చూపే వాడి కొంప ముంచింది.

దొరల మీద తిరగబడ్డ దళాలు ఊళ్ళలో తిరిగే కాలం వచ్చింది. మోటరులో పోతే ఎవరు పోతున్నారో లోకమంతటికీ తెలుస్తుందని దొర ఎడ్లబండిలో వరిగడ్డి కింద పడుకొని పట్నం చేరాడు. మోటరు గడి కొట్టంలో మిగిలిపోయింది. దాని సీటు మెత్తల్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి, చెదలు పట్టాయి. తరవాత దొర మనిషి ఒకడు వచ్చి గడి తలుపులు, దూలాలు ఒక్కొక్కటే అమ్ముకుంటుంటే, ఐలేశం మందలోనుంచి మంచి సూడిగొర్రెలను తోలుకుపోయి వాడికిచ్చి, మోటరును ఎడ్లతో ఇంటికి లాక్కొచ్చాడు.

మారయ్య వాకిట్లో నిలబడి చూశాడు. మోటరును చూశాడు, కొడుకును చూశాడు, సగం ఖాళీ అయిన దొడ్డిని చూశాడు.

"గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు. గొర్లు గాసేటోడు గూడ గంతేనని ఇయ్యాల్ల ఎరుకైంది" అన్నాడు. కొడుకుతో నేరుగా అన్న ఆఖరి మాట అదే. ఆ సాయంత్రం నుంచి కుక్కకు ఉద్యోగం దొరికింది.

ఊరు మాత్రం ఊరుకుంటుందా. దొర పోయాడు, దొర దయ్యం గొల్లోళ్ళ ఇంట్లో దిగింది అన్నారు. ఆ మోటరు ముందర చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నవాళ్ళు ఊళ్ళో ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళు ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు ఉమ్మేసి పోయేవాళ్ళు. ఎవరో చక్రాల కింద తుమ్మముండ్లు పరిచారు. ఎవరో మెత్తల మీద పెండ కుమ్మరించారు. పక్కింటి ఉప్పలమ్మ అయితే, దానికి అగ్గిపెట్టడానికి గ్యాసునూనె తన ఇంటినుంచే ఇస్తానని పదిమందిలో చెప్పింది. బీరమ్మ వాళ్ళందరితో ఒంటిచేత్తో కొట్లాడి వచ్చి, ఇంట్లో మొగుడితో రెండు చేతులా కొట్లాడేది.

"దాన్నే లగ్గం చేస్కోకపోయినవ్? నన్నెందుకు తెచ్చినవ్?" అనేది.

"అది తిండి అడగదు" అనేవాడు ఐలేశం. ఆ పూట వాడికీ తిండి ఉండేది కాదు.

తా వలచింది రంభ అన్నారు పెద్దలు. ఈ రంభకు చూపు లేదు, నడక లేదు, ఒంటినిండా తుప్పు. ఐలేశం పొద్దున మందను మేపుకొచ్చి, మధ్యాహ్నం నుంచి దాని కిందనే పడుకునేవాడు. హాలియా దగ్గర ఆనకట్ట పనికి రాళ్ళు తోలే లారీ డ్రైవరు సైదులు ఒక్కడే వాడికి దోస్తు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆగి, ఏ నట్టు ఎటు తిప్పాలో, ఏ గొట్టంలోనుంచి ఏది పోతుందో చెప్పేవాడు. లారీలకు పనికిరాని సామాను తెచ్చి పడేసేవాడు. ఐలేశం వాటిని అరగదీసి, ఇరగదీసి, ఎట్లాగో దానికి అమర్చేవాడు.

అన్నీ సరిగా చేశాడని కాదు. ఊళ్ళో గానుగాముదం దండిగా ఉంది, బండి ఇరుసుకు పోసేది అదే కదా అని, ఇంజనులో ఉన్న లారీ నూనె మీద కడివెడు ఆముదం పోశాడు. అది ఇదీ కలవక, లోపల బెల్లప్పాకంలా గడ్డకట్టింది. సైదులు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అన్నా, ఇది ఎడ్లబండి గాదు, పసిపోరడు గాదు. ఆముదం పట్టిస్తే బయిటికెళ్ళదు" అన్నాడు. ఇంజను మొత్తం విప్పి గ్యాసునూనెతో కడగడానికి ఒక ఎండాకాలం పట్టింది. ఇంకోసారి, తోలు మెత్తలు పగలకుండా గొర్రెకొవ్వు కాచి రాశాడు. ఊళ్ళో కుక్కలన్నీ చుట్టాల్లా దిగి తెల్లారేసరికి మెత్తలను నాకి పీకి పెట్టాయి. వాటిలో మన నల్లది కూడా ఉంది. మారయ్య దానికి ఆ పూట జొన్నగటకలో పాలు ఎక్కువ పోశాడు.

అప్పుడు ఐలేశం మెత్తలను తన పద్ధతిలో చేసుకున్నాడు. తన మంద బొచ్చు కత్తిరించి, ఏకి, లోపల కూరి, పైన కొత్త నల్ల గొంగడి కుట్టాడు. వెనక మెత్త అయితే రెండింతలు మందంగా చేశాడు.

మారయ్య దూరంనుంచే చూసి, "నల్లా, మన గొర్ల బొచ్చు తీస్కపోయి దొర పిర్రల కింద పరిచిన్రే" అన్నాడు.

"నల్లా, అది దొర కోసం గాదని చెప్పు" అన్నాడు ఐలేశం.

అది నిజం. అది తండ్రి కోసం. వాడి కడుపులో ఉన్నది అదొక్కటే. ఏ మోటరు ముందర బాపు ఉరికాడో అదే మోటరు వెనక మెత్త మీద బాపును కూచోబెట్టాలి. గడి నుంచి సడక్ దాకా తీసుకుపోవాలి. ఉరికింది చూసినవాళ్ళందరూ కూచున్నదీ చూడాలి. బండి ఏం పాపం చేసింది, చేసింది దొర కదా అని వాడి వాదన. కత్తి ఏం చేసింది, కోసినవాడు కదా అన్నట్టు. కోయబడ్డ గొర్రెను మాత్రం వాడు అడగలేదు.

బీరమ్మతో ఒకసారి ఆ సంగతి చెప్పాడు. 

"మామను అడిగినవా?"

"బండి నడిచినంక అడుగుత."

"గొర్లను అమ్మకముందు అడగాలె" అని ఆమె లేచిపోయింది.

ఆ ఏడు దసరా పోయాక ఒక మధ్యాహ్నం మోటరు నడిచింది. సైదులు పెట్రోలు డబ్బా తెచ్చాడు. ఐలేశం మోటరు ముందర నిలబడి, ఇనుప హ్యాండిలును ముక్కులో దూర్చి, బలమంతా పెట్టి తిప్పాడు. రెండుసార్లు అది దగ్గింది. మూడోసారి ఒళ్ళంతా విరుచుకొని లేచింది. వాకిట్లో పొగ, కోళ్ళ కేకలు. ఐలేశానికి కండ్లలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం వాడికి పెళ్ళిలో కూడా లేదు, ఆ సంగతి బీరమ్మకూ తెలుసు.

ఎగిరి లోపల కూచున్నాడు. సైదులు లారీ మీద నేర్పినట్టే బాట మీదకు తిప్పాడు. ఊరి బయట చెరువుకట్ట మలుపులో మంద అడ్డమొచ్చింది. ఎవరి మందో చూడాలన్న సోయి వాడికి లేదు. రబ్బరు తిత్తి కొత్తది వేశాడు కదా, అది మోగుతుందో లేదో చూడాలనిపించింది. నొక్కాడు.

పోం పోం మంది.

మంద వెనక తల వంచుకొని నడుస్తున్న ముసలివాడు ఒక్కసారి నిటారుగా లేచాడు. చేతిలో కర్ర జారిపోయింది. "తొవ్వ, తొవ్వ, దొరొస్తుండు, చెప్పులిడవుండ్రి" అని గొంతెత్తి అరుస్తూ ఉరికాడు. తన గొర్రెలను తానే చెల్లాచెదురు చేసుకుంటూ, ఆ సలిపే కాలితోనే, పన్నెండేళ్ళు మధ్యలో పోనే పోనట్టు ఉరికాడు. కట్ట మీద నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు చూశారు. ఉప్పలమ్మ బిందె దించి, కాళ్ళ చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని నిలబడిపోయింది.

ఐలేశం బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మారయ్య ఇంకా కొంత దూరం ఉరికి, వెనక చప్పుడు లేదని తెలిసి నిలబడ్డాడు. తిరిగి చూశాడు. దొర లేడు. తన కొడుకు ఉన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఉప్పలమ్మ వంగి చెప్పులు తొడుక్కుంటూ ఐలేశం దిక్కు చూసిన చూపుకు పచ్చిగడ్డి కూడా మండిపోవాలి.

మారయ్య మెల్లగా నడిచి మోటరు దగ్గరికొచ్చాడు. మూడేళ్ళ తరవాత కుక్క అవసరం లేకుండా మాట్లాడాడు.

"నన్ను దీంట్ల కూసోవెడ్తనని మొక్కుకున్నవట గదా. కోడలు చెప్పింది."

ఐలేశం తలూపాడు. 

"కూసుంట. అంగడినాడు కూసుంట, అందరు చూడంగ. సైదులు నడుపుతడు. నువ్వు ముందర ఉరుకు."

"బాపు…"

"గడి కాన్నుంచి సడక్ దాకా. నేనెట్ల ఉరికిన్నో గట్ల. ఉరుకుతవా, లేకుంటే ఉప్పలమ్మను గ్యాసునూనె తెమ్మందునా?"

అంగడినాడు పొద్దున ఎర్రగట్టులో పనిపాటలు ఎవరూ ముట్టుకోలేదు. గడి ముందు జనం గుమిగూడారు, జాతర చూడడానికి వచ్చినట్టు కాదు, పంచాయతీ తీర్పు వినడానికి వచ్చినట్టు. మారయ్య ఉతికిన ధోతి కట్టి, తలకు రుమాలు చుట్టి, వెనక మెత్త మీద కూచున్నాడు. మెత్తను ఒకసారి అరచేత్తో ఒత్తి చూశాడు. బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకొని తలుపు చాటున నిలబడింది. సైదులు హ్యాండిలు తిప్పి, "అన్నా, మెల్లగనే నడుపుత, ఫికర్ చేయకు" అన్నాడు.

ఐలేశం ముందు నిలబడ్డాడు. మూడేళ్ళు దాని ఒంట్లో ప్రతి ఇనుపముక్కను తడిమినవాడు, దాన్ని వీపు వెనక ఎన్నడూ పెట్టుకోలేదు. ఉరకడం మొదలుపెట్టాడు.

మొదట సులువే అనిపించింది. వయసులో ఉన్నవాడు, గుట్టలు తెలిసిన కాళ్ళు. ఊరు దాటేసరికి వెనక వేడి తగిలింది. ఇంజను ఊపిరి వాడి పిక్కల మీద పడుతోంది. ఆ చప్పుడులో ప్రతి ముక్కా వాడికి తెలుసు, ఏది ఎందుకు అరుస్తుందో తెలుసు. తెలిసి ఏం లాభం, అది ఎంత దూరంలో ఉందో తెలియదు. తిరిగి చూస్తే కాలు తప్పుతుంది, కాలు తప్పితే చక్రం. ఎదురుగా ఎవరో బర్రెను తోలుకొస్తున్నారు. "తొవ్వ, తొవ్వ" అని అరిచాడు. అరిచినదానికి ఊపిరి పోయింది. కాస్త మెల్లబడ్డాడు.

పోం పోం.

సైదులు ఎందుకు కొడుతున్నాడు అనుకున్నాడు. మెల్లగా నడుపుతానన్నాడు కదా. మళ్ళీ ఉరికాడు. రాతిగుట్ట ఎక్కుడు దగ్గర గుండె నోట్లోకొచ్చింది. మెల్లబడ్డాడు. పోం పోం. వాడికి కోపం వచ్చింది. తరవాత కోపం పోయి భయం వచ్చింది. ఎందుకంటే ఆ హారన్ పలకరించేది కాదు, తోలేది. గొర్రెను కర్రతో అదిలించినట్టే ఉంది. వాడు ముద్దుగా అమర్చి, నూనె రాసి, నోటితో ఊది చూసుకున్న తిత్తి అది. దాని గొంతు అట్లా ఉంటుందని వాడికి తెలియదు. వినాల్సిన చోట ఎప్పుడూ నిలబడలేదు.

సడక్ కనబడుతుండగా మోకాళ్ళు మడతపడి బోర్లాపడ్డాడు. మోచేతులు గీరుకుపోయాయి. పోం పోం. లేవలేదు. పోం పోం. మట్టిలో మొహం పెట్టి చక్రం కోసం ఎదురుచూశాడు. తాను కోసి, గాలి నింపి, అతుకులేసిన చక్రం.

బ్రేకు కిర్రుమంది. మోటరు వాడి మడమలకు మూరెడు దూరంలో ఆగింది.

సైదులు దూకి వచ్చి లేపాడు. ఐలేశం వాడి చొక్కా పట్టుకున్నాడు. "పడ్డంక గూడ కొట్టినవేందిరా" అన్నాడు.

సైదులు మొహం పాలిపోయి ఉంది. "నేను కొట్టలే అన్నా. ఒక్కసారి గూడ కొట్టలే" అన్నాడు.

మోటరు వెనక తలుపు తెరుచుకుంది. మారయ్య దిగాడు. దిగి, తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి తన మణికట్టుకు అతికించినట్టు. ఆయన మొహంలో గెలిచిన గుర్తు ఏమీ లేదు. 

"చెయ్యి ఊకుండలేదురా" అన్నాడు. "సైదులు భుజం పక్కకెల్లి తిత్తి మీదికే పోయింది. ఆడ కూసుంటే నువ్వు కనవడలే. ఈపు ఒక్కటే కనవడ్డది. అది జర మెల్లబడితే నాకు కోపమొచ్చింది. పడితే గూడ కోపమే వచ్చింది."

 వెంట వచ్చిన ఊరివాళ్ళు కొందరు దూరంగానే ఆగిపోయారు. ఉప్పలమ్మ ముక్కు చీదింది.

"నేను వాని మీద ఇన్నేండ్లు మన్ను పోసిన. మంచిగనే పోసిన, అది తప్పు గాదు" అన్నాడు మారయ్య, దొరను తలుచుకొని. "గని నాకు గా మెత్త వద్దు. ఎంత మంచిగ కుట్టినా వద్దు." రుమాలు విప్పి కొడుకు మోచేతికి కట్టాడు. కట్టి, ఇంటిదారిన నడిచిపోయాడు. ఎక్కమని ఐలేశం అడగలేదు.

మోటరును సైదులే తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళాడు.

తెల్లారి ఐలేశం అలవాటు ప్రకారం గుడ్డ తీసుకొని దాని దగ్గరికి పోయాడు. దుమ్ము తుడిచాడు. రెక్కలు తుడిచాడు, తలుపులు తుడిచాడు. దాని మీద మమకారం పోలేదు, పోతే సులువయ్యేది. హ్యాండిలు తీసుకొని ముందుకు వచ్చాడు. హ్యాండిలు తిప్పాలంటే మోటరు ముందరే నిలబడాలి. పెద్ద కండ్లలాంటి ఆ దీపాల ఎదుట నిలబడగానే వాడి మోకాళ్ళు వాడి మాట వినలేదు. ఇంజను చల్లగా ఉంది, లోపల ఎవరూ లేరు. అయినా పిక్కల మీద వేడి తగిలింది. ఇంకోసారి ప్రయత్నించాడు. కాళ్ళు పక్కకే పోయాయి. హ్యాండిలును తీసుకుపోయి మెత్త కింద పెట్టేశాడు.

మారయ్య మంచం మీదనుంచి అంతా చూశాడు. నల్లకుక్క తనకే ఏదో చెబుతాడని లేచి నిలబడింది. మారయ్య దాని దిక్కు చూడలేదు.

"ఐలేశం, గొర్లు ఆకలి మీదున్నయి, తోలుకపో" అన్నాడు.

"పోతున్న బాపు" అన్నాడు ఐలేశం.

మందను విడిచి బాట పట్టాడు. మోటరు వాకిట్లోనే ఉందని తెలుసు, దాన్ని నడిపేవాడు ఊళ్ళో తాను తప్ప లేడనీ తెలుసు. అయినా చెరువుకట్ట మలుపు దాటేదాకా బాట వదిలి పక్కనే నడిచాడు.